నాలుగు తర్వాత ఎనిమిది

విజయవాడ నుంచి ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతి హిందీ పేపర్లు దిద్దుతున్నాను. మాట్లాడినాయన ఒక చిన్న ప్రచురణ సంస్థలో సంపాదకులు. నా మొదటి నవల ఫైలు ఆయనకు పంపి నెలలు గడిచాయి. ఇక జవాబు రాదని తేల్చుకొని, మనసులో ఆయన్ని నాలుగు తిట్టి ఊరుకున్నాను కూడా. అలాంటిది ఆయనే ఫోన్ చేసి "నవల బాగుందమ్మా" అనేసరికి, నా చేతిలో ఎర్రపెన్ను ఎవరో పిల్లవాడి సమాధానం మీద అడ్డంగా ఒక గీత గీసేసింది. పాపం, వాడు సరిగ్గానే రాశాడు.

"ఒక్క చిక్కు వచ్చిందమ్మా," అన్నారాయన. "మీ ఫైల్లో ఐదు, ఆరు, ఏడు అధ్యాయాలు రాలేదు. నాలుగు తర్వాత ఎనిమిది ఉంది. అవి మళ్ళీ పంపిస్తారా?"

"అవి లేవండీ."

"లేవంటే? పోయాయా?"

"రాయలేదండీ."

ఆయన చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా, "రాయనప్పుడు ఆ ఎనిమిదిని ఐదు అనాలి కదమ్మా," అన్నారు.

"ఐదు కాదండీ అది, ఎనిమిదే. మధ్యలో మూడు వారాలు పోయాయి," అన్నాను. అధ్యాయాలు అనాల్సిన చోట వారాలు అన్నానని ఫోన్ పెట్టేశాక గానీ నాకు తెలియలేదు.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు మాత్రం ఈయనకు ఇంత చిన్న విషయం ఎందుకు అర్థం కావడం లేదా అని నిజంగానే ఆశ్చర్యపోయాను. హిందీలో రాసి ఉంటే ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు అని బుద్ధిగా వేసేదాన్నేమో. తెలుగు నవల అన్నది మాత్రం నా చేతికి ఎప్పుడూ నిండుగా రాలేదు. మధ్యలో కొన్ని వారాలు లేకపోవడం తెలుగు నవల లక్షణమే అన్నట్టు పెరిగాను నేను. అదెలాగో చెప్పాలంటే ముందు ఆవకాయ జాడీల గురించి చెప్పాలి.

మా నాన్న ట్రక్కుల కార్ఖానాలో పనిచేసేవారు. జంషెడ్‌పూర్ టెల్కో కాలనీలో మాకు రెండు గదుల క్వార్టర్ ఉండేది. శ్రీకాకుళం వైపు ఊళ్ళో ఉన్న మా నాయనమ్మ, ఎవరు టాటానగర్ రైలెక్కుతున్నా వాళ్ళ నెత్తిన ఒక పెట్టె పెట్టి పంపేది. పెట్టెలో పచ్చళ్ళ జాడీలు. జాడీలు ఒకదానికొకటి తగిలి పగలకుండా వాటి చుట్టూ తెలుగు వారపత్రికలు కుక్కేది. ఆవిడకు చదువు రాదు. ఏ వారం పత్రిక చేతికందితే అది కుక్కేది. దాంతో మాకు సీరియల్ నవలలు వారాల లెక్కన కాక పచ్చళ్ళ లెక్కన వచ్చేవి. మాగాయకు పదకొండో భాగం చుట్టి ఉంటే, గోంగూరకు పధ్నాలుగో భాగం. మధ్యలో రెండు భాగాలు ఏ కిళ్ళీకొట్టుకో పోయి ఉండేవి. కొన్ని పేజీలు నూనె పీల్చుకొని, వెనక పేజీలో అక్షరాలు ముందు పేజీలోకి కనబడేవి. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఆ పేజీల మీదే. బళ్ళో మాది హిందీ మీడియం.

చదవడానికి ఇంకో కారణం నాన్న నిద్ర. ఆయనకు నైట్ షిఫ్ట్ పడిన వారం మా ఇంట్లో చప్పుడు నిషేధం. పొద్దున షిఫ్ట్ బస్సు దిగి, టీ తాగి, కిటికీకి దుప్పటి కట్టుకొని పడుకుంటే మధ్యాహ్నం దాటాక లేచేవారు. ఆ వారమంతా అమ్మ కుక్కర్ పెట్టేది కాదు, విజిలొస్తుందని. అన్నం గిన్నెలో వండేది. రేడియో లేదు, ఆటల్లేవు, గిన్నె కింద పెట్టినా గుడ్డ వేసి పెట్టాలి. పిల్లకు అనుమతి ఉన్నది చదువుకోవడం ఒక్కటే. మా చుట్టుపక్కల ఏ ఇల్లు తీసుకున్నా ఏదో ఒక వారం ఇదే పద్ధతి.

పక్క క్వార్టర్లో అత్త ఉండేది. మాకు చుట్టం కాదు. మా నాన్నను అన్నయ్యా అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది. వాళ్ళాయనా మా నాన్నా కార్ఖానాలో ఒకే విభాగంలో, ఒకే షిఫ్టులో పనిచేసేవారు. అందుకని మా ఇంట్లో చప్పుడు ఆగిన వారమే వాళ్ళింట్లోనూ ఆగేది. ఆయన మంచివాడే గానీ, మెలకువగా ఉన్నప్పుడు కూడా మాట బయటికి రావడం కష్టం. పిల్లలు లేరు. అత్త తన పని ముగించుకొని, చెప్పులు చేత్తో పట్టుకొని, మా వెనక వసారాలోకి వచ్చి గోడకు ఆనుకొని కూర్చునేది. తనకు చదవడం రాదు. వినడం మహా ఇష్టం.

"ఏటే గుంటా, ఎక్కడ ఆపీసినాం?" అని అడిగేది గుసగుసగా. మా వైపు ఆడపిల్లను గుంట అనే అంటారు.

నేను గుసగుసగానే చదివేదాన్ని. నా నోరు తన చెవికి అంగుళం దూరంలో ఉండేది. కొబ్బరినూనె వాసన. ఏడుపు ఘట్టం వచ్చినా గుసగుసే, పోట్లాట వచ్చినా గుసగుసే. భాగం చివర 'సశేషం' అని చదివి, పేజీ తిప్పి, తర్వాత రెండు భాగాలు లేవని చూసి మొహం వేలాడేసేదాన్ని. అత్తకు మాత్రం అక్కడే హుషారు పుట్టుకొచ్చేది.

"ఆగు. ఆ రెండు వారాలూ నాను సెప్తాను," అనేది.

అత్త చెప్పడం మొదలుపెడితే కథ ఎటు పోతుందో దేవుడికి కూడా తెలియదు. తనకు నచ్చనివాళ్ళను నిర్దాక్షిణ్యంగా చంపేసేది. ఒకసారి ఒక సీరియల్లో కోడల్ని రాచి రంపాన పెట్టే అత్తగారిని పాముతో కరిపించింది. రెండు నెలల తర్వాత ఇంకో పెట్టెలో, ఉసిరికాయ జాడీ చుట్టూ, సరిగ్గా ఆ పోయిన భాగమే వచ్చింది. అందులో అత్తగారు నిక్షేపంలా పీట మీద కూర్చొని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. నేను అది చదివి, ఇప్పుడేమంటావన్నట్టు చూశాను.

"తప్పు అచ్చేసినారు," అంది అత్త. అంతే. ఆ తర్వాత మేం ఆ నవలను చచ్చిన అత్తగారితోనే ముందుకు నడిపాం. బతికున్నట్టు ఎక్కడ వచ్చినా అత్త చెయ్యి ఊపేసేది, ఆ ముక్క దాటెయ్యమని.

నాకు పదేళ్ళున్నప్పుడు, ఒక వేసవిలో, ఆ నవల ఇంకా మధ్యలో ఉండగానే, అత్త కనిపించకుండా పోయింది.

పొద్దున వాళ్ళాయన డ్యూటీకి వెళ్ళాడు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఇంటికి తాళం. తాళంచెవి మా అమ్మ దగ్గర. ఊళ్ళో వాళ్ళమ్మకు ఒంట్లో బాగోలేదట, అర్జెంటుగా వెళ్ళిందట. మా క్వార్టర్ల లైన్లో అందరూ అదే మాట చెప్పుకున్నారు. నేనూ నమ్మాను. తర్వాత మా నాయనమ్మ పెట్టె వచ్చింది. తెచ్చినాయనది అత్తవాళ్ళ ఊరే. అమ్మ ఆయనకు టీ ఇస్తూ, వాళ్ళమ్మకు ఎలా ఉందని అడిగింది.

"ఎవులికి? ఆ ముసిలికా? దుక్కలా ఉంది," అన్నాడాయన. "ఆ పిల్ల ఊరు రానేదే. మాకెవులికీ కనపడనేదు."

అమ్మ నా వైపు తిరిగి, "నువ్వెల్లి జాడీలు తుడు," అంది.

జాడీలు తుడుస్తూ చెవులు రిక్కించాను. ఒక్క ముక్క వినబడితే ఒట్టు. ఊరు వెళ్ళలేదు, ఇక్కడా లేదు, మరి ఎక్కడుంది? బడికి పోతూ అదే, అన్నం తింటూ అదే. ఎండలు ఇంకా తగ్గకముందే, ఒక మధ్యాహ్నం నేను వెనక వసారాలోకి వెళ్ళేసరికి అత్త గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. కొంచెం చిక్కింది, కొంచెం నల్లబడింది. అమ్మ మంచినీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టి, ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళిపోయింది. నేను గుడ్లప్పగించి నిలబడ్డాను.

"ఏటి సూత్తన్నావు? సదువు," అంది అత్త. "ఎక్కడ ఆపీసినాం?"

చదివాను. లేని వారాలు వచ్చినప్పుడల్లా అత్త ఎప్పటిలాగే పూరించింది. తన వారాలు మాత్రం పూరించలేదు. తనను అడిగే ధైర్యం నాకు లేదు. అమ్మను ఒకసారి అడిగితే, "ఊసుపోక అడుగుతున్నావా, ఈపు మీద పడాలా?" అంది. ఇంటికొచ్చిన ప్రతి కథలోనూ ఏమైందో తెలిసే నాకు, పక్కింట్లో ఏమైందో తెలియకుండా పోయింది. ఆ దురద నన్ను జీవితాంతం వదల్లేదు.

నేను దొరికిందల్లా చదివే మనిషినయ్యానంటే అది ఆ దురద వల్లేనని నా అనుమానం. సాక్చీ బజారులో ఒక పాత కాగితాల దుకాణం ఉండేది. పాత పుస్తకాలు కిలోల లెక్కన తూచేవాడు. అక్కడ హిందీ డిటెక్టివ్ నవలలు దొరికాయి, అట్టల మీద పిస్తోళ్ళూ ఎర్రచీరలూ. వాటిలో నాకు హంతకుడికన్నా రచయిత మీదే కన్ను. వీడు ఏ ముక్క దాస్తున్నాడు, ఎక్కడ దాస్తున్నాడు, ఎంతసేపని దాస్తాడు? చివరి పేజీలో అందర్నీ కూర్చోబెట్టి విప్పి చెబుతుంటే నాకెందుకో ఉత్సాహం పోయేది. తర్వాత దయ్యాల కథల్లో పడ్డాను. ఆ రచయితలు మొండివాళ్ళు, చివరికి కూడా చెప్పరు. చిలక పలుకుల ప్రేమకథలు చదివాను. వాటిలో సంగతి చదివేవాళ్ళందరికీ మొదటి పేజీలోనే తెలుసు, ఆ ఇద్దరికి తప్ప. కంపెనీ క్లబ్బు లైబ్రరీలో ఇంగ్లీషు నవలలు తెచ్చుకొని, గ్రహాంతరవాసుల గురించి డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివాను. బెంగాలీ నవలలు హిందీలో చదివాను. వాటిలో మనుషులు కిటికీ దగ్గర నిలబడి పదేసి పేజీలు వర్షం చూస్తారు. విసుగొచ్చినా వదల్లేదు. ఆఖరికి నాన్న తెచ్చిన ట్రక్కు రిపేరు పుస్తకం కూడా వదల్లేదు. బండి కదలకపోతే ఎక్కడ చూడాలి, అక్కడ బాగుంటే తర్వాత ఎక్కడ చూడాలి. మనుషుల గురించి ఇలాంటి పుస్తకం ఉంటే అత్త సంగతి ఏ పేజీలో దొరుకుతుందా అని ఆలోచించేదాన్ని.

పెళ్ళయ్యి అదే ఊళ్ళో అగ్రికోకి వచ్చాను. ఒక బళ్ళో హిందీ టీచర్నయ్యాను. రాయాలని కూర్చున్నప్పుడు ముందు హిందీలోనే రాశాను. కథ సిద్ధంగానే ఉంది. ఒక కార్మికుడి భార్య ఒక రోజు పొద్దున ఇల్లు తాళం వేసి వెళ్ళిపోతుంది, కొన్ని వారాలకు తిరిగొస్తుంది, ఎవరూ ఏమీ అడగరు. పక్కింటి చిన్నపిల్లను మాత్రం కావాలనే రానివ్వలేదు. ఆ పిల్ల వస్తే కథంతా తనే మాట్లాడేస్తుందని భయం, నా సంగతి నాకు తెలియదా. హిందీలో ఆ మనిషి పాఠ్యపుస్తకంలోంచి వచ్చినట్టు కూర్చుంది. మూడేళ్ళు రాశాను, నోరు విప్పదు. ఒకరోజు విసుగెత్తి, తెలుగులో, "నానెల్తన్నాను" అని ఒక్క వాక్యం రాశాను. లేచి నిలబడింది. చెప్పులేసుకుంది. ఆ తర్వాత నేనే తన వెనక పరిగెత్తాల్సి వచ్చింది.

అచ్చు సంగతి వేరే కథ. ఒక సంస్థవాళ్ళు జవాబే ఇవ్వలేదు. ఇంకొకరు, భాష శుద్ధంగా లేదు, మాటల్లో హిందీ ఎక్కువ, సవరించి పంపమన్నారు. మూడో ఆయన జంషెడ్‌పూర్‌లో తెలుగువాళ్ళుంటారా అని అడిగాడు. నా ఒళ్ళు మండింది. ఉంటారండీ, మీ ప్రశ్నలకు జవాబులు కూడా చెబుతుంటారు అని రాసి, పంపకుండా చెరిపేశాను. నాలుగోవారే ఈ విజయవాడ ఆయన. ఆయన భాష గురించి ఒక్క మాట అనలేదు. ఆ మూడు అధ్యాయాలు కావాలన్నారు, అంతే.

"ఆవిడ ఎక్కడికెళ్ళిందో చెప్పకపోతే చదివేవాళ్ళు పుస్తకం విసిరికొడతారమ్మా," అన్నారు. "దసరా లోపల రాసి పంపండి. లేకపోతే ఈ ఏడాదికి మీది పక్కన పెట్టక తప్పదు."

పక్కన పెడితే మళ్ళీ తీస్తారా? నాకు నమ్మకం లేదు. కూర్చొని రాశాను. మొదట తనను పుట్టింటికి పంపాను, కుదరలేదు. ఆసుపత్రిలో చేర్చాను, మరీ ఏడుపుగొట్టుగా వచ్చింది. చివరికి పూరీ సముద్రం దగ్గరికి పంపాను. ఒడ్డున కూర్చోబెట్టి అలల్ని చూపించాను. బెంగాలీ నవలల పుణ్యమా అని మూడు అధ్యాయాలు సునాయాసంగా నిండాయి. పంపిన వారానికే సంపాదకులు ఫోన్ చేశారు. చాలా బాగుందమ్మా, ఇక అచ్చుకి వెళ్దాం అన్నారు. ఆనందంతో ఆ రోజు బళ్ళో అందరికీ రసగుల్లాలు పంచాను.

అచ్చుకు వెళ్ళేముందు అత్తకు చదివి వినిపించాలనుకున్నాను. మా అమ్మా నాన్నా అప్పటికి లేరు. అత్త వాళ్ళాయన రిటైరయ్యి క్వార్టర్ ఖాళీ చేశాక బిర్సానగర్‌లో రెండు గదులు కట్టుకున్నారు. ఆయనా పోయాడు, అత్త ఒక్కతే ఉంటోంది. పైకి చెప్పలేదు గానీ, నా ఆశంతా ఒకటే. అది తన కథేనని అత్త గుర్తుపడుతుంది, పూరీ కాదే గుంటా ఫలానా చోటు అంటుంది, ఇన్నేళ్ళ దురద తీరుతుంది. ఆ జవాబు తెలిసిన మనిషి ఇంకెవరూ మిగల్లేదు.

ఆదివారం మధ్యాహ్నం కాగితాల కట్టతో వెళ్ళాను. గడప దగ్గర చాప వేసింది. గోడకు ఆనుకొని కూర్చుంది. నేను చదవడం మొదలుపెట్టాను, అలవాటు కొద్దీ గుసగుసగా. మొదటి నాలుగు అధ్యాయాలు కదలకుండా వింది. నాలుగో దాని చివర ఆవిడ తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో ఇస్తుంది. అత్త ముందుకు వంగింది. నోరు తెరవబోయింది. నేను ఆగకుండా ఐదులోకి వెళ్ళిపోయాను.

అత్త వెనక్కి వాలింది. ఆరో అధ్యాయానికి వీధిలోకి చూస్తోంది. ఏడులో అలలు ఎగసిపడుతుంటే లేచి వెళ్ళి పొయ్యి మీద పాలు చూసి వచ్చింది. మొత్తం అయ్యేసరికి సాయంత్రం దాటింది.

"బాగుంది," అంది.

"అంతేనా అత్తా? ఇంకేటీ అనవా?"

"నానేటంటాను? అన్నీ నువ్వే సెప్పీసినావు గదా. మరి నానేటి సెప్పాల?"

ఆటోలో ఇంటికొస్తూ కుతకుతలాడిపోయాను. ఏళ్ళ తరబడి రాసిన నవల వినిపిస్తే పాలు చూసుకోవడానికి లేస్తుందా? చదువు రాని మనిషికి ఏం తెలుస్తుందని కూడా అనుకున్నాను. ఇల్లు చేరి, వంట చేసి, పడుకున్నా ఆ మాట వదల్లేదు. తను ముందుకు వంగిన ఆ క్షణమే కళ్ళకు కట్టింది. ఆగు, నాను సెప్తాను అనబోయింది. నేను చోటివ్వలేదు. పూరీ సముద్రం తెచ్చి అడ్డంగా పోశాను.

మర్నాడు సంపాదకులకు ఫోన్ చేసి, ఆ మూడు అధ్యాయాలూ తీసేయండి, నాలుగు తర్వాత ఎనిమిదే ఉండనివ్వండి అన్నాను.

"మొన్ననే కదమ్మా పేజీలు కట్టించాను," అన్నారు. గొంతులో విసుగు దాచుకోలేదు. నేను ఆవకాయ జాడీల దగ్గర్నుంచి మొదలుపెట్టి, గోంగూర, మాగాయ, పాము కరిచిన అత్తగారు, అంతా చెప్పాను. ఇంత పొడుగున మాట్లాడి ఈయన తల తింటున్నానని తెలుస్తూనే ఉంది, అయినా ఆపలేదు. అంతా విని, "ఆలోచిస్తాను. మాటివ్వలేను," అని పెట్టేశారు.

ఆ తర్వాత వారాలు గడిచినా పత్తా లేదు. పోయింది, చేతికొచ్చిన పుస్తకాన్ని నా నోటితో నేనే పోగొట్టుకున్నాను అనుకున్నాను. రసగుల్లాలు తిన్నవాళ్ళు పుస్తకం ఎప్పుడొస్తుందని అడుగుతుంటే మాట మార్చేదాన్ని. ఏడుపొచ్చేది. మళ్ళీ ఫోన్ చేసి ఆ సముద్రం ఉండనివ్వండి అనేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి, మోగకముందే ఆపేశాను.

దీపావళి సెలవుల్లో ఫోన్ మోగింది.

"ఆవిడ పూరీ వెళ్ళలేదమ్మా," అన్నారు సంపాదకులు, పలకరింపు కూడా లేకుండా. "వెళ్ళి ఉండదు. ఆవిడ చెల్లెలి దగ్గరికి వెళ్ళి ఉంటుంది. చెల్లెలి పేరే ఎత్తదు చూడండి ఆవిడ, మొదటి నాలుగు అధ్యాయాల్లో. ఎందుకు ఎత్తదు? మా ఆవిడేమో కాదంటోంది. ఎక్కడికీ వెళ్ళలేదు, అదే ఊళ్ళో ఇంకో చివర ఉంది అంటోంది. నాలుగు రోజుల్నుంచి ఇంట్లో ఇదే గొడవ."

ఆ నవలలో ఆవిడకు చెల్లెలే లేదు. నేను ఆ మాట అనలేదు. ఆయన చాలాసేపు ఆ చెల్లెలి గురించి చెప్పారు. చివర్లో, "సరే, ఎనిమిదే వేద్దాం," అన్నారు. ప్రెస్సువాళ్ళు అంకె తప్పుపడిందని దాన్ని రెండుసార్లు ఐదు చేశారట. రెండుసార్లూ ఆయనే కూర్చొని మళ్ళీ ఎనిమిది చేయించారట.

విజయవాడ నుంచి వచ్చిన పుస్తకాల కట్ట విప్పగానే పైనున్న ప్రతి తీసుకొని బిర్సానగర్ వెళ్ళాను. అత్త అట్ట తడిమింది. వాసన చూసింది. "నూనె నేదు," అంది. చాప వేసి, గోడకు ఆనుకొని కూర్చుంది. నేను తన చెవి దగ్గరికి జరిగి మొదటి నుంచి చదివాను. కొన్ని నెలల కింద ఇదంతా విన్నట్టు అత్త ఎక్కడా అనలేదు. నాలుగో అధ్యాయం చివర ఆవిడ తాళం వేసింది, తాళంచెవి ఇచ్చేసింది. నేను పేజీ తిప్పి ఆగిపోయాను.

"తర్వాత?" అంది అత్త.

"ఎనిమిది."

అత్త కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది.

"ఆగు," అంది. "ఆ మూడు వారాలూ నాను సెప్తాను."

నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఆ పిల్ల ఊరెల్దామనే బయల్దేరినాది. ఖరగ్‌పూర్‌లో రైలు మారాల. మారనేదు. టేషన్ బయట మన తెలుగు ముసిలామె ఒకర్తి, రైల్వే కుర్రోలకి బోజనాలు పెట్టీది. రుబ్బడానికి మనిసి కావాలంది. ఇది కూకొని రుబ్బింది. ఎవులూ ఏటీ అడగనేదు. ఎందుకొచ్చినావు అననేదు, ఎప్పుడెల్తావు అననేదు. పగలల్లా గట్టిగా మాటాడీది ఆ పిల్ల. రుబ్బుతా పాట పాడీది. ఆడ పగటి పూట పడుకునీవోలు ఎవులూ నేరు గదా. అంతకు ముందు దాని గొంతు ఎలగుంటాదో దానికే తెలవదు. అది సూసుకుందామనే ఎల్లినాది. ఇంకేటీ నేదు."

వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. అది వెళ్ళేదాకా అత్త ఆగింది.

"అక్కడ అంత బాగుంటే మరెందుకు తిరిగొచ్చింది?" అన్నాను.

"ఉండిపోదామనే అనుకున్నాది," అంది అత్త. "కానీ పక్కింట్లో గుంట సదువుతున్న కత మజ్జిలో ఉండిపోనాది గదా. ఆ కోడలు పిల్ల ఏటైందో తెలియాల గదా. ఆ గుంటకి మాత్రం ఎవులు సెప్తారు, నేని వారాలు? అందుకే వచ్చీసినాది."

నా నవలలో పక్కింటి గుంట లేదు.

నేను తన మొహంలోకే చూస్తూ ఉండిపోయాను. కళ్ళలో నీళ్ళు తిరిగి ఆ మొహం అలుక్కుపోయింది. అత్త నా ఒళ్ళో పుస్తకాన్ని వేలితో తట్టింది.

"ఏటి సూత్తన్నావు? సదువు, ఎనిమిది," అంది. "గట్టిగా సదువు. ఇక్కడెవులూ పడుకోనేదు."